చౌకలో కళ్లజోడు: ఎంచుకోవడం, సరిచేసుకోవడం (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

కళ్లజోడు ఖరీదు గురించీ, దుకాణానికి వెళ్లకుండా తెప్పించుకున్న జోళ్లు ముఖానికి కుదరకపోవడం గురించీ ఇటీవల చాలామంది పాఠకులు రాశారు. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి, ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ అంశానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. దూరపు వస్తువులు స్పష్టంగానే కనిపిస్తాయి కాని, చిన్న అక్షరాలు చదవాలంటే కాగితాన్ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకోవలసి వస్తోంది. రెడీమేడ్ కళ్లజోడు వాడితే కళ్లు పాడవుతాయని కొందరు, ఏమీ కాదని కొందరు అంటున్నారు. వాడవచ్చా? పవరు ఎలా ఎంచుకోవాలి?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు చత్వారానివి. కంటిలోని సహజమైన కటకం వయసుతోపాటు గట్టిపడి, దగ్గరి వస్తువులను చూడడానికి కావలసినంతగా ఉబ్బలేకపోవడం వల్ల ఇది వస్తుంది. ఇది జబ్బు కాదు, 40 దాటినవారిలో దాదాపు అందరికీ వచ్చే మార్పే. రెండు కళ్లకూ దూరపు చూపు సమానంగా, బాగా ఉన్నవారికి రెడీమేడ్ కళ్లజోడు చక్కగా సరిపోతుంది. పవరు తప్పితే తలనొప్పి వస్తుంది, కళ్లు లాగుతాయి. అయితే జోడు తీసేస్తే ఆ ఇబ్బంది పోతుంది తప్ప, పెద్దవారి కంటికి దానివల్ల శాశ్వతమైన హాని జరగదు.

పవరును వయసును బట్టి ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. 45 ఏళ్ల లోపువారికి +1.00, 50 లోపువారికి +1.50, 55 ప్రాంతంలో +2.00, 60 దాటినవారికి +2.50 దాకా అవసరమవుతుంది. అయినా వయసుకంటే ముఖ్యమైనది మీరు ఎంత దూరంలో పెట్టుకుని పని చేస్తారన్నదే. పవరును కొలిచే ప్రమాణం డయాప్టర్. మీటరును ఆ అంకెతో భాగిస్తే వచ్చేది ఆ కటకం నాభ్యంతరం. అంటే +2.50 జోడు పెట్టుకున్నప్పుడు, దూరపు చూపు బాగున్నవారికి 40 సెంటీమీటర్లకు ఆవల ఉన్నదేదీ స్పష్టంగా కనిపించదు. పుస్తకానికి అది బాగానే ఉంటుంది. 65 సెంటీమీటర్ల దూరంలో కంప్యూటరు తెర పెట్టుకుని అదే జోడుతో రోజంతా చూసేవారు మాత్రం తెలియకుండానే మెడ ముందుకు చాచి కూర్చుని, సాయంత్రానికి మెడనొప్పి అంటారు. వారికి +1.50 మించకూడదు.

కాబట్టి ఎంచుకునేటప్పుడు మీరు నిజంగా చదివేదాన్ని, మీరు నిజంగా పట్టుకునే దూరంలో పెట్టుకుని చూడండి. రెండు పవర్లతోనూ అక్షరాలు స్పష్టంగా ఉంటే తక్కువదాన్నే తీసుకోండి. ఎక్కువ పవరు అక్షరాన్ని కాస్త పెద్దదిగా చూపించడంతో మొదట బాగున్నట్లే అనిపిస్తుంది, కాని స్పష్టంగా కనిపించే పరిధిని అది కుదించేస్తుంది.

ఇది అందరికీ వర్తించదు. రెడీమేడ్ జోడులో రెండు అద్దాలకూ ఒకే పవరు ఉంటుంది, సిలిండర్ పవరు (కంటి వంపు అన్ని దిక్కులా సమానంగా లేనప్పుడు దాన్ని సరిచేసేది) ఉండదు. రెండు కళ్ల మధ్య తేడా ఉన్నవారికి, సిలిండర్ ఉన్నవారికి అది సగం సగమే పనిచేస్తుంది. దూరానికి ఇప్పటికే కళ్లజోడు వాడుతున్నవారు రెండు అంకెలనూ కలుపుకోవాలి: దూరానికి −1.50 ఉండి, దగ్గరికి +2.00 అదనంగా కావాలంటే, చదవడానికి కావలసినది +0.50 మాత్రమే. దూరానికి −3.00 ఉన్నవారు అసలు చదివే జోడు కొననక్కరలేదు, ఉన్న జోడు తీసేస్తే 33 సెంటీమీటర్ల దూరంలోని అక్షరాలు కనిపిస్తాయి.

ప్రశ్న: కంటి వైద్యుడు ఇచ్చిన చీటీ నా దగ్గర ఉంది. దాని ఆధారంగా కళ్లజోడును దుకాణానికి వెళ్లకుండానే తెప్పించుకోవాలనుకుంటున్నాను. చీటీలోని గుర్తులు అర్థం కావడం లేదు. పీడీ అనే అంకె కూడా అడుగుతున్నారు, అది చీటీలో లేదు. ఏం చేయాలి?

జవాబు: చీటీలో ఓడీ అంటే కుడి కన్ను, ఓఎస్ అంటే ఎడమ కన్ను. ఎస్‌పీహెచ్ అన్న గడిలో ఉన్నది ప్రధానమైన పవరు. మైనస్ అయితే దూరపు చూపు తగ్గినట్లు, ప్లస్ అయితే దగ్గరి చూపుకు ఎక్కువ ఇబ్బంది ఉన్నట్లు. సీవైఎల్ అంటే సిలిండర్ పవరు. యాక్సిస్ అంటే ఆ సిలిండర్ ఏ కోణంలో ఉండాలో చెప్పే 1 నుంచి 180 మధ్య అంకె. సిలిండర్ రాసి యాక్సిస్ రాయకపోతే ఆ చీటీ పనికిరాదు, వైద్యుడినే అడిగి రాయించుకోవాలి. యాడ్ అన్నది చదవడానికి అదనంగా కలిపే పవరు. కొందరు వైద్యులు సిలిండర్‌ను ప్లస్‌లో, కొందరు మైనస్‌లో రాస్తారు. రెండూ సరైనవే, కాని గుర్తును మీరు మార్చి రాస్తే అంకెలన్నీ తప్పవుతాయి. ఉదాహరణకు −2.00, +1.00, 90 అని రాసినా, −1.00, −1.00, 180 అని రాసినా అద్దం ఒక్కటే. చీటీలో ఎలా ఉంటే అలాగే ఎక్కించండి. ప్లస్, మైనస్ గుర్తులను ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి, ఎందుకంటే ఇలా తెప్పించుకునేటప్పుడు తేలికగా జరిగే పొరపాటు అదే.

పీడీ అంటే రెండు కనుపాపల (నల్లగుడ్డు నడుమ ఉండే చిన్న నల్లటి వృత్తాల) మధ్య దూరం. పెద్దవారిలో ఇది సాధారణంగా 54 నుంచి 74 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ప్రతి అద్దానికీ ఒక కేంద్రం ఉంటుంది, అది సరిగ్గా కనుపాప ఎదురుగా రావాలి. పక్కకు జరిగితే అద్దం పట్టకంలా (ప్రిజంలా) పనిచేసి కాంతిని వంచుతుంది, దాన్ని సరిపెట్టుకోవడానికి కంటి కండరాలు రోజంతా శ్రమపడతాయి. ఎంత వంచుతుందో ప్రెంటిస్ సూత్రం చెబుతుంది: పవరును, కేంద్రం జరిగిన దూరాన్ని సెంటీమీటర్లలోకి మార్చి, రెండింటినీ గుణించాలి. పవరు 1.00 ఉన్నవారికి 5 మిల్లీమీటర్ల తేడా వస్తే ఆ ప్రభావం అర ప్రిజం యూనిట్ మాత్రమే, చాలామందికి అది తెలియనే తెలియదు. పవరు 6.00 ఉన్నవారికి అదే తేడా 3 యూనిట్లవుతుంది, ఆ జోడు పెట్టుకుని ఎక్కువసేపు ఉండడం కష్టం. పవరు పెరిగేకొద్దీ కొలత విషయంలో ఉపేక్ష పనికిరాదని చెప్పడానికే ఈ లెక్క చూపిస్తున్నాను.

కొలవడానికి మిల్లీమీటర్ల గుర్తులున్న స్కేలు, సాయానికి ఒక మనిషి చాలు. ఇద్దరూ ఒకే ఎత్తులో, సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో ఎదురెదురుగా కూర్చోవాలి. కొలిచేవారు స్కేలును మీ కనుబొమల కింద ఆనించి, తమ కుడి కన్ను మూసుకుంటారు. మీరు వారి తెరిచిన ఎడమ కంటిని చూస్తూ ఉండగా, స్కేలుపై సున్నాను మీ కుడి కనుపాప మధ్యకు చేర్చాలి. తరువాత తల, స్కేలు కదలకుండా వారు ఎడమ కన్ను మూసి కుడి కన్ను తెరుస్తారు. మీరు ఆ కంటిని చూస్తారు, వారు మీ ఎడమ కనుపాప మధ్య ఎంత అంకె ఉందో చదువుతారు. కళ్లు మార్చుకుంటూ చూడడం వల్ల మీ రెండు చూపులూ దూరాన్ని చూస్తున్నప్పటిలా సమాంతరంగా ఉంటాయి. ఈ క్రమాన్ని విడిచిపెట్టి, ఇద్దరూ రెండు కళ్లూ తెరిచి కొలిస్తే అంకె తగ్గిపోతుంది. ముదురు రంగు కళ్లలో కనుపాప స్పష్టంగా తెలియదు కాబట్టి, కుడి నల్లగుడ్డు బయటి అంచు నుంచి ఎడమ నల్లగుడ్డు లోపలి అంచు వరకు కొలిచినా అదే దూరం వస్తుంది. కొన్నిసార్లు కొలిచి, తరచుగా వచ్చిన అంకెను తీసుకోండి. చదవడానికి మాత్రమే వాడే జోడుకు ఇందులోంచి 3 మిల్లీమీటర్లు తగ్గించాలి.

ఇక ఫ్రేము. ఇంట్లో మీకు బాగా కుదిరిన పాత జోడు ఉంటే దాని కాడ (చెవి మీద ఆనే భాగం) లోపలివైపు చూడండి. 52, 18, 140 వంటి మూడు అంకెలు ఉంటాయి. మొదటిది అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీది వంతెన వెడల్పు, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలోనే. కొత్తదానిలో ఈ అంకెలు రెండు మిల్లీమీటర్లకు మించి తేడా లేకుండా చూసుకోండి. మొదటి రెండూ కలిపితే వచ్చేది ఫ్రేములో అద్దాల మధ్యబిందువుల దూరం. అది మీ పీడీకి ఎంత దగ్గరగా ఉంటే అద్దం అంచు అంత సన్నగా వస్తుంది. మైనస్ పవరు ఎక్కువ ఉన్నవారు పెద్ద చదరపు ఫ్రేము కోరుకుని, తరువాత అంచులు మందంగా వచ్చాయని బాధపడుతుంటారు. చిన్నదీ, గుండ్రటిదీ అయిన ఫ్రేము ఎంచుకుంటే, ఖరీదైన పల్చటి అద్దం కొనకుండానే ఆ సమస్య చాలావరకు తీరుతుంది.

ప్రోగ్రెసివ్ అద్దాలను మాత్రం ఇలా తెప్పించుకోవద్దని గట్టిగా చెబుతాను. వాటిలో పవరు పైనుంచి కిందికి క్రమంగా మారుతుంది. ఫ్రేము మీ ముఖంపై కూర్చున్నాక కనుపాప ఏ ఎత్తులో ఉందో ఎదురుగా చూసి గుర్తు పెట్టవలసిందే. చీటీలో ప్రిజం రాసినవారూ, పవరు బాగా ఎక్కువగా ఉన్నవారూ కూడా దుకాణానికి వెళ్లి చేయించుకోవడమే మంచిది.

ప్రశ్న: పల్చటి అద్దం, నీలికాంతి పూత, గీతలు పడని పూత అంటూ ఒక్కోదానికి విడిగా డబ్బు అడుగుతున్నారు. వీటిలో నిజంగా అవసరమైనవి ఏవి?

జవాబు: పవరు 3.00 లోపు ఉంటే సీఆర్-39 అనే మామూలు ప్లాస్టిక్ అద్దం చాలు. దాని వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.50, రంగులను చెదరకుండా చూపించడంలో ఖరీదైన వాటికంటే అదే మెరుగు. పిల్లలకు, ఆటలు ఆడేవారికి, ఒక కంటితోనే చూసేవారికి మాత్రం పాలీకార్బనేట్ తీసుకోవాలి, దెబ్బ తగిలినా అది సులభంగా పగలదు. 1.67, 1.74 వంటి పల్చటి అద్దాలు ఎక్కువ పవరు ఉన్నవారికే ఉపయోగం. కాంతి ప్రతిఫలించకుండా చేసే పూత రాత్రి బండి నడిపేవారికి పెట్టిన డబ్బుకు తగినదే. నీలికాంతి పూత వల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదని 2023లో వెలువడిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే సంస్థ) సమీక్ష తేల్చింది. దానికి ఖర్చు పెట్టనక్కరలేదు.

ప్రశ్న: చీటీ పాతదే ఉంది. ఫోనులో అక్షరాలు చూసి పవరు తెలుసుకునే పద్ధతులు ఉన్నాయని విన్నాను. కంటి పరీక్షకు వెళ్లకుండా పనైపోతుందా?

జవాబు: పనికాదు. కళ్లజోడు ఎక్కడ కొన్నా ఫరవాలేదు, పరీక్షను మాత్రం మానకూడదు. పవరు తెలుసుకోవడం, కంటి ఆరోగ్యం తెలుసుకోవడం రెండు వేర్వేరు పనులు. నీటికాసులు (గ్లకోమా) నొప్పి లేకుండా పక్కచూపును కొద్దికొద్దిగా తినేస్తాయి, చివరి దశ దాకా ఎదురుగా ఉన్న అక్షరాలు బాగానే కనిపిస్తుంటాయి. మధుమేహం వల్ల రెటీనాకు జరిగే నష్టమూ అంతే. 60 దాటినవారు ఉన్నట్టుండి అద్దాలు లేకుండా చదవగలుగుతున్నామని సంతోషిస్తే, అది చాలాసార్లు శుక్లం ముదురుతున్నదనడానికి గుర్తు. రక్తంలో చక్కెర అదుపులో లేని రోజుల్లో పవరు కూడా నిలకడగా ఉండదు. చక్కెర కొన్ని వారాలు స్థిరంగా ఉన్న తరువాతే కొత్త జోడు చేయించుకోవాలి.

పిల్లల విషయంలో ఏ ప్రయోగమూ వద్దు. చిన్న వయసులో ఒక కంటికి సరైన అద్దం అందకపోతే మెదడు ఆ కంటి చూపును పట్టించుకోవడం మానేస్తుంది, ఆ తరువాత ఎంత మంచి అద్దం ఇచ్చినా పూర్తి చూపు తిరిగి రాకపోవచ్చు. కంటి ముందు మెరుపులు, ఒక్కసారిగా నల్లటి చుక్కలు, తెర దించినట్లు ఒక పక్క మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం, ఎర్రబడి నొప్పి పెట్టడం వంటివి ఉంటే కళ్లజోడు సంగతి పక్కనపెట్టి ఆ రోజే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

ప్రశ్న: తెప్పించుకున్న జోడులో పవరు సరిగానే వేశారో లేదో ఇంట్లో తెలుసుకునే మార్గం ఉందా?

జవాబు: కచ్చితంగా తెలుసుకోవడానికి యంత్రం కావాలి, కాని పెద్ద తప్పులను మీరే పట్టుకోవచ్చు. గోడమీద కాగితంపై ప్లస్ గుర్తులా రెండు గీతలు గీసి, జోడును చేతి దూరంలో పట్టుకుని ఒక అద్దం గుండా చూస్తూ మెల్లగా పక్కకు కదపండి. గీత అద్దంతోపాటు అదే దిక్కుకు కదిలితే మైనస్, ఎదురు దిక్కుకు కదిలితే ప్లస్. జోడును చక్రంలా తిప్పినప్పుడు గీతలు కత్తెరలా విచ్చుకుని మూసుకుంటే సిలిండర్ ఉన్నట్లు; ఎలా తిప్పినా కదలకపోతే లేనట్లు. సిలిండర్ లేని ప్లస్ అద్దమైతే, దూరంగా ఉన్న కిటికీకి ఎదురుగోడ దగ్గర పట్టుకుని, కిటికీ బొమ్మ గోడపై స్పష్టంగా పడినప్పుడు అద్దానికీ గోడకూ మధ్య దూరాన్ని కొలవండి. 50 సెంటీమీటర్ల దగ్గర పడితే అది సుమారు +2.00. ఎండను మాత్రం ఇందుకు వాడకండి, కాగితం అంటుకుంటుంది, కంటికీ ప్రమాదం.

కొత్త జోడుతో మొదటి రోజుల్లో నేల వంగినట్లు అనిపించడం సహజమే. వారం దాటినా తగ్గకపోతే తిరిగి పంపేయండి.

ప్రశ్న: కొత్త కళ్లజోడు ముక్కు మీదినుంచి జారిపోతోంది, ఒక పక్క పైకి లేచి ఉంది, చెవి వెనక పుండులా నొప్పి పెడుతోంది. ఇంట్లోనే సరిచేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు. కళ్లజోడు విషయంలో చాలామంది నిర్లక్ష్యం చేసేది ఇదే. ముఖంపై వంకరగా కూర్చున్న ఖరీదైన జోడుకంటే, చక్కగా కుదిరిన చౌక జోడు కంటికి ఎక్కువ సుఖాన్నిస్తుందని నా నమ్మకం.

ముందు ఫ్రేము దేనితో చేసినదో చూడండి. మామూలు లోహపు ఫ్రేమును చల్లగానే వంచవచ్చు. ఎసిటేట్ అనే మందపాటి ప్లాస్టిక్‌ను వేడి చేయకుండా వంచితే విరుగుతుంది. ఎంత వంచినా మళ్లీ యథాస్థితికి వచ్చే మెమరీ లోహాన్నీ, నైలాన్ ఫ్రేములనూ వంచడం దాదాపు అసాధ్యం. అంచుల్లేకుండా అద్దానికే రంధ్రం చేసి బిగించిన జోడు జోలికి వెళ్లకండి, రంధ్రం దగ్గర అద్దం చిట్లుతుంది.

కాడలు తెరిచి, జోడును తలకిందులుగా చదునైన బల్లపై పెట్టండి. ఫ్రేము పై అంచు, రెండు కాడలు బల్లను సమానంగా తాకాలి. ఒక కాడ గాలిలో ఉంటే ముందు దాన్ని సరిచేయండి. ఆ తరువాత పెట్టుకుని అద్దంలో చూసుకోండి. మనలో చాలామందికి రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు కాబట్టి బల్లపై సరిగ్గా ఉన్న జోడు ముఖంపై వంకరగా ఉండవచ్చు. అప్పుడు ముఖానికి తగినట్లు చేయడమే సరైనది. కనుబొమలను బట్టి కాక కనుపాపలను బట్టి చూడండి.

కుడివైపు పైకి లేచి ఉంటే, కుడి కాడను బందు (కాడ మడతపడే కీలు) దగ్గర కొద్దిగా పైకి వంచాలి. ఇది విచిత్రంగా తోచవచ్చు, కాని చెవి ఎత్తు మారదు కనుక కాడ చివర పైకి వెళ్తే ఫ్రేము ముందుభాగం కిందికి దిగుతుంది. కిందికి దిగిన పక్కకు దీనికి వ్యతిరేకంగా చేయండి. ఒక అద్దం మరోదానికంటే ముఖానికి దగ్గరగా ఉంటే ఆ వైపు కాడను లోపలికి, దూరంగా ఉంటే బయటికి వంచాలి. వంచేటప్పుడు అదే వైపు అద్దం చుట్టూ ఉన్న అంచును వేళ్లతో గట్టిగా పట్టుకోండి, రెండో అద్దాన్ని పట్టుకుంటే బలమంతా వంతెన మీద పడి అది విరుగుతుంది. పటకారు వాడవలసి వస్తే దాని కొనలకు గుడ్డ చుట్టండి. ఒక్కసారి కాస్తంతే వంచి, పెట్టుకుని చూసి, మళ్లీ వంచండి. స్ప్రింగు ఉన్న బందును మాత్రం వంచకూడదు.

జారిపోవడానికి ప్రధాన కారణం ముక్కు అనుకుంటారు. చాలాసార్లు కారణం చెవి దగ్గర ఉంటుంది. కాడ వంపు సరిగ్గా చెవి పైభాగం దాటగానే మొదలవ్వాలి. అంతకంటే వెనక మొదలైతే జోడు ముందుకు జారుతుంది. ముందే మొదలైతే చెవి వెనక ఒరుసుకుని, మీరు చెప్పినట్లు పుండు పడుతుంది. పెట్టుకుని, వంపు ఎక్కడ మొదలవ్వాలో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఎసిటేట్ కాడ అయితే, మరిగించి దించాక కొన్ని నిమిషాలు చల్లారిన నీటిలో కాడ చివరను మాత్రమే అర నిమిషం ముంచి, మెత్తబడ్డాక పాత వంపును సరిచేసి గుర్తు దగ్గర కొత్త వంపు చేయండి. అలాగే పట్టుకుని చన్నీటి ధార కింద పెడితే ఆ ఆకారంలో నిలిచిపోతుంది. అద్దాలకు వేడి తగలనివ్వకండి, పూతలో సన్నటి పగుళ్లు వచ్చి ఇక ఎప్పటికీ పోవు. జుట్టు ఆరబెట్టే యంత్రం వాడేవారు కూడా గాలిని కాడ చివరకే తగలనిచ్చి, అద్దాన్ని గుడ్డతో కప్పుకోవాలి.

ముక్కు దగ్గర మెత్తటి బిళ్లలు ఉన్న ఫ్రేములో, వాటిని దగ్గరికి తెస్తే జోడు పైకి లేస్తుంది, దూరం చేస్తే కిందికి దిగుతుంది. రెండింటినీ సమానంగా కదపాలి. ముక్కుకు ఒక పక్క ఎర్రటి గుర్తు పడుతుంటే బిళ్ల అంచు మాత్రమే ఆనుతోందన్నమాట. అది చర్మంపై పూర్తిగా పరుచుకునేలా తిప్పండి. బిళ్లలు లేని ప్లాస్టిక్ ఫ్రేము జారుతుంటే అంటించుకునే సిలికాన్ బిళ్లలు దొరుకుతాయి. చివరగా నవ్వి చూడండి, అద్దం బుగ్గను తాకకూడదు. రెప్పలు ఆర్పండి, వెంట్రుకలు అద్దానికి తగలకూడదు. తల వంచి అటూ ఇటూ ఊపండి, జోడు కదలకూడదు. ఫ్రేమే తలకు ఇరుకై కణతలపై నొక్కుతుంటే మాత్రం ఏ వంపూ దాన్ని బాగుచేయదు, వెడల్పైనది తీసుకోవలసిందే.

ప్రశ్న: బందు స్క్రూ మాటిమాటికీ వదులై పడిపోతోంది. జిగురుతో అంటించవచ్చా?

జవాబు: తక్షణం అంటుకునే జిగురును కళ్లజోడు దరిదాపులకు రానివ్వకండి, దాని ఆవిరి అద్దంపై తెల్లటి పొరలా పట్టేస్తుంది, బందు కూడా ఇక కదలదు. స్క్రూను తీసి తుడిచి, మరపై రంగులేని గోళ్ల రంగు ఒక చుక్క వేసి బిగించి, ఆరనివ్వండి. మళ్లీ విప్పవలసి వస్తే తేలికగా వస్తుంది. గోళ్ల రంగును చెరిపే ద్రవం మాత్రం ఫ్రేముకు తగలకూడదు, అందులోని ఎసిటోన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీరు, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క చాలు. ముందు నీటితో ఇసుక రేణువులు పోయేలా కడిగి, ఆ తరువాతే మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. పొడి అద్దాన్ని చీరకొంగుతోనో చొక్కా అంచుతోనో రుద్దితే ఆ రేణువులే గీతలు పెడతాయి.